చెప్పిన చెడుదురను వాదము

పెండ్లి కాని పిల్లల యెదుట నెల తప్పుట, కడుపు నిలుచుట మొదలగు మాటలు ఎత్తరాదనియు, ఎత్తినచో వారి మనస్సులు లేనిపోని దారులు త్రొక్కుననియు, ఒకవేళ ఖర్మము చాలక ఏ యింటనైనను అట్టి యాపద వచ్చిపడినచో పెద్దవారే గుట్టుచప్పుడు కాకుండ చక్కబెట్టుకొందురు గాని దానికై ముందుగా ఉపదేశములు చేయుట మన మర్యాద కాదనియు ఒక గట్టి యభిప్రాయము మన సంఘమునందు పాతుకొనియున్నది. ఇది మూర్ఖుల యభిప్రాయమని త్రోసిపుచ్చుటకు వీలులేదు. బిడ్డలయెడ ప్రాణము పెట్టు తల్లులును, పరువుగా బ్రదికిన ఉపాధ్యాయులును, కళాశాలాధిపతులును దీనినే నమ్ముచున్నారు. దేశపు పెద్దలును దీనికి తమ ముద్ర వేసిరి. 2007 ప్రాంతమున మహారాష్ట్ర, కర్ణాటక, మధ్యప్రదేశ్ మొదలగు రాష్ట్రములు పాఠశాలలలోని కౌమార విద్యా కార్యక్రమమును నిలిపివేసినవి. 2009లో రాజ్యసభ అర్జీల సంఘము శ్రీ ముప్పవరపు వెంకయ్యనాయుడుగారి యధ్యక్షతన ఈ విషయమును విచారించి, బడులలో లైంగిక విద్య మన సంస్కృతికి సరిపడదని నివేదించినది. ఇట్టివారి మాటను కాదనునప్పుడు ఎగతాళి చేసి తప్పించుకొనుట న్యాయము కాదు. వారి పూర్వపక్షమును ఉన్నదున్నట్లు నిలిపి, ఒక్కొక్క అంగమును పరీక్షించి, నిలువలేనిదానిని త్రోయుటయే మర్యాద.

ఆ పూర్వపక్షమునకు నాలుగు అంగములు కలవు. చెప్పినచో పిల్లలు చెడుదురనుట మొదటిది. ఇది దారితప్పిన ఏ కొద్దిమందికో సంబంధించినదనుట రెండవది. ఇల్లు ఉండగా పరుల ఉపదేశ మెందులకనుట మూడవది. భయమే ఆడపిల్లకు కాపలా యనుట నాలుగవది. నా సిద్ధాంత మొక్కటే: నెల తప్పినదేమోయని దిగులుపడు పిల్లకు మిగిలియున్న ఏకైక ధనము కాలము, మన మౌనము ఆమె మానమును కాపాడుటకు మాఱుగా ఆ కాలమును దోచుకొనుచున్నది.

మొదటి అంగమును చూతము. ఉపదేశము ప్రేరేపణ యగునని వీరి భయము. ఆ భయమునకు తావు ఏదైన ఉన్నచో అది జరుగకముందు చెప్పు మాటలయందు ఉండవలెను. ఇక్కడ మనము మాటాడునది, జరిగినది జరిగిపోయి, క్యాలెండరు ముందు నిలువబడి వ్రేళ్ళపై దినములు లెక్కించుకొను పిల్లను గూర్చి. ఆమెకు పరీక్ష ఎట్లు చేసికొనవలెనో, ఏ డాక్టరును చూడవలెనో, ఏ మందు మ్రింగరాదో చెప్పినంతమాత్రమున గడచిన దినము వెనుకకు వచ్చి మఱల నడువదు గదా! గాయపడినవానికి కట్టు కట్టుట గాయమును ప్రోత్సహించుట యని ఎవ్వరును అనరు. కావున లైంగిక విద్యను గూర్చి ఈ పెద్దలు చేయు ఆక్షేపణ సత్యమే యని ఒక క్షణము ఒప్పుకొన్నను, అది ఈ పిల్ల విషయమున వర్తింపనే వర్తింపదు.

వాస్తవమునకు ఆ ఆక్షేపణయు సత్యము కాదు. ప్రపంచమునందలి అనేక దేశములలో జరిగిన పరిశోధనలను సమీక్షించి యునెస్కో 2018లో సవరించి ప్రకటించిన మార్గదర్శక గ్రంథము, ఇట్టి విద్యవలన పిల్లలు తొందరపడుట లేదని తేల్చినది. అంతదూరము పోనక్కఱలేదు. తెలుగునాట స్వాతి వారపత్రికలో డాక్టరు సమరముగారు ప్రజల సందేహములకు ఎన్ని యేండ్లు సమాధానము లిచ్చిరో, వానిని ఎందఱు తలగడ క్రింద దాచుకొని చదివిరో నలుబది యేండ్లు దాటినవా రందఱకును తెలియును. ఆ పుటలు చదివిన పడుచులు నేడు అమ్మమ్మలును నాయనమ్మలును అయి, మనుమరాండ్రకు జడలు వేయుచున్నారు. వారు చెడిపోయిరని చెప్పుటకు ఈ వాదులు సాహసింతురా? చదువుట వలన ఎవ్వరును చెడలేదు. చదువుటకు దొరకనివారే నాటువైద్యుని గడప త్రొక్కిరి.

ఇక రెండవ అంగము. ఇది కొద్దిమంది దారితప్పిన పిల్లల సంగతి యని చెప్పుటలో ఒక సౌకర్యము కలదు. మన యింటికి దానితో పనిలేదని తలుపు వేసికొనవచ్చును. కాని లెక్కలు ఆ తలుపును తెఱచుచున్నవి. 2019-21 నాటి అయిదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము ఆంధ్రప్రదేశమునందు 15 నుండి 19 ఏండ్ల లోపలి ఆడపిల్లలలో నూటికి 12.6 మంది అప్పటికే తల్లులైయుండిరి, లేదా గర్భముతో ఉండిరి. దేశమునకంతకు కలిపి ఆ సంఖ్య 6.8 మాత్రమే. అదే సర్వేలో, 20 నుండి 24 ఏండ్ల వయస్సు గల స్త్రీలలో పదునెనిమిది నిండకముందే పెండ్లియైనవారు ఆంధ్రప్రదేశమున నూటికి 29.3, తెలంగాణమున 23.5. ఈ రెండు లెక్కలను ప్రక్కప్రక్కన ఉంచి చూచినవానికి, మన యెఱుకలోని చిన్నవయస్సు గర్భములలో అధికభాగము మంగళసూత్రము కట్టిన పిదప కలిగినవే యని గోచరింపక మానదు. ఆ పిల్లలను దారితప్పించినవారు ఎవరు? పదియవ తరగతి పరీక్షలు ముగియగనే ముహూర్తము పెట్టించిన పెద్దలే గదా!

పదునేడేండ్లకు కాపురమునకు వచ్చిన ఆ పిల్లను పేరంటమునకు వచ్చిన ప్రతి యిల్లాలును “ఏమైనా విశేషమా?” యని నవ్వుచు అడుగును. అదే వయస్సు గల పెండ్లికాని పిల్ల అదే సందేహమును నోట పలుకరాదు. ఒకతెకు ఆ ప్రశ్న నలుగురిలో వేయుదురు, రెండవదానికి చీకటిలోనైనను వేయనీయరు. అయినను ఇరువురి అజ్ఞానమును ఒక్కటియే. తుది బహిష్టు మొదలైన దినమునుండి లెక్క పెట్టవలెనని ఇరువురికిని తెలియదు. రక్తహీనత గల చిన్నశరీరమునకు గర్భము ఎంత భారమో, రక్తపు పోటు పెరిగి మూర్ఛలు వచ్చు ప్రమాదము ఎట్టిదో, బిడ్డ బరువు తక్కువగా పుట్టుట ఏలనో ఇరువురికిని ఎవ్వరును చెప్పలేదు. వీరుగాక, ఎదిరింపలేని చోట, చెప్పుకొనలేని బంధువు చేత చెఱుపబడిన పసిపిల్లలు కలరు. వారిని దారితప్పినవారని పిలుచు నోటికి ఏ శిక్ష విధింపవలెనో నాకు తోచదు.

మూడవ అంగము ఇల్లు. తల్లి చూచుకొనదా యని అడుగుదురు. చూచుకొను తల్లులు కలరు. వారికి చేతులెత్తి మ్రొక్కవలెను. కాని వాదము తల్లుల మంచితనమునుబట్టి గాక, ఇంట వాస్తవముగా జరుగు పనులనుబట్టి నిలువవలెను. మొదట తల్లికి తెలియుటయే ఆలస్యము. ఇంటర్మీడియట్ పిల్లలు వేలకువేలుగా విజయవాడ, గుంటూరు, హైదరాబాదు నగరములందలి హాస్టళ్ళలో ఉన్నారు. దసరాకో సంక్రాంతికో ఇంటికి వచ్చునంతవఱకు తల్లికి బిడ్డ ముఖమే కానరాదు, ఇక నెలసరి లెక్క యెట్లు తెలియును? తెలిసిన నాడు ముందుగా వచ్చునది తిట్టు, తరువాత దెబ్బ, పిమ్మట “నలుగురికి తెలిస్తే మన బతుకేం గాను” అను ఏడ్పు. ఆ యేడ్పులో రెండు వారములు గడచును. అటుపిమ్మట ఎవరో ముసలమ్మ చెప్పిన వైద్యము మొదలగును: పచ్చి బొప్పాయి, నువ్వులు బెల్లము దంచిన ముద్ద, మిరియాల కషాయము. వీనివలన గర్భము పోవునను నమ్మకము లేదు. కాలము పోవుట మాత్రము నిశ్చయము. వీనికి లొంగనిచో చిత్రమూలపు వేరు వంటి పుల్లలను లోనికి పెట్టు ఘోరము పల్లెటూళ్ళలో పూర్వమునుండి ఉన్నదే. దానివలన గర్భసంచి పుండై, రక్తము విషమై, ప్రాణము పోయినవారి లెక్క ఏ రిజిస్టరునను దొరకదు. వారు “కడుపునొప్పితో” చనిపోయిరి.

ఈ కాలపు నాగరిక మార్గ మింకొకటి కలదు. ఇంటిలోని మగవాడో, పిల్లను ఈ స్థితికి తెచ్చిన కుఱ్ఱవాడో మెడికల్ షాపునకు పోయి, గొంతు తగ్గించి, మాటలకంటె సైగలతోనే అడిగి, కాగితములో చుట్టిన మాత్రలు తెచ్చును. అవి మిఫెప్రిస్టోన్, మిసోప్రోస్టాల్ అను మందులు. డాక్టరు చీటి లేనిదే అమ్మరాదని శాసనము. సరియైన కాలమున, సరియైన మోతాదున, వైద్యుని పర్యవేక్షణలో అవి క్షేమకరములు. మన దేశమున తొమ్మిది వారముల లోపలి గర్భమునకు వానిని వాడుటకు అనుమతి కలదు. కాని ఎన్ని వారములైనవో చూడక, గర్భము సంచిలో ఉన్నదో నాళములో చిక్కినదో పరీక్షింపక మ్రింగినచో ఏమగును? నాళములోని గర్భమును ఈ మాత్రలు తొలగింపలేవు. రక్తస్రావము కనబడినది గనుక పని ముగిసినదని అందఱును ఊఱడిల్లియుండగా, లోపల నాళము పగిలి, పిల్ల నిలువున కూలును. ఊరిలో ఆర్.ఎం.పి. డాక్టరని పిలువబడువాడు సూదిమందు వేయగలడే గాని ఈ పనికి చట్టము ఒప్పుకొనిన వైద్యుడు కాడు. ఇంటి గుట్టును కాపాడుట యనగా ఆచరణలో ఇదియే.

కాలపు లెక్కను ఇక్కడనే విప్పి చెప్పుట మంచిది, ఏలయన నా వాదమంతయు దీనిపై ఆధారపడియున్నది. వైద్యులు గర్భమును తుది బహిష్టు మొదటి దినమునుండి లెక్కింతురు. కావున నెల తప్పిన దినమునకే నాలుగు వారములు గడచినట్లు. “ఇంకొక నెల చూతము” అనుకొన్న పిల్లకు ఎనిమిది వారములు. భయముతో మఱియొక నెల గడపినచో పన్నెండు. అప్పటికి మాత్రలతో పోవు దారి మూసికొనిపోయినది. ఆసుపత్రిలో చేయు ప్రక్రియయే గతి. ఇరువది వారముల వఱకు ఒక్క డాక్టరు అభిప్రాయము చాలును. అది దాటినచో ఇరువది నాలుగు వారముల వఱకు ఇరువురు డాక్టర్లు ఒప్పుకొనవలెను, అదియు చట్టము పేర్కొన్నవారికే. ఆ పిమ్మట, తల్లి ప్రాణమును కాపాడుటకు వెంటనే అవసరమైనప్పుడు తప్ప, ప్రభుత్వ వైద్యమండలి యెదుట బిడ్డకు తీవ్రమైన లోపమున్నదని తేలినగాని వీలుపడదు, లేదా న్యాయస్థానముల మెట్లు ఎక్కవలెను. మొదటి వారములో ఒక చిన్న పరీక్షతో తేలు సంగతి అయిదవ నెలకు న్యాయమూర్తి బల్ల మీదికి వచ్చుచున్నదన్నచో, దానికి కారణము పిల్ల చేసిన తప్పు కాదు. తప్పు ఒక్కనాటిది, తక్కిన దినములన్నియు మన మౌనమువి.

నాలుగవ అంగము భయము. చట్టమన్న భయమును, పోలీసులన్న భయమును, పరువన్న భయమును కలసి ఆడపిల్లను కాపాడునని వీరు నమ్ముదురు. దీపము ఆర్పినంతమాత్రమున ఇంట దూరిన పాము వెడలిపోదు. అది ఎక్కడ ఉన్నదో మనకు కనబడకుండ పోవును, అంతే. పైగా ఈ భయములో సగము అబద్ధముపై కట్టినది. పెండ్లికానివారికి గర్భస్రావము చేయుట నేరమనియు, భర్త సంతకము లేనిదే ఏ ఆసుపత్రియు చేర్చుకొనదనియు చదువుకొన్నవారు సైతము చెప్పుచుందురు. సత్యము వేఱు. ప్రభుత్వము నియమించిన శాంతిలాల్ షా సంఘపు సిఫారసులననుసరించి 1971లో పుట్టిన గర్భస్రావ చట్టము మన దేశమున అర్ధశతాబ్దమునకు పైగా అమలులో ఉన్నది. దాని ప్రకారము పదునెనిమిది నిండిన స్త్రీ సమ్మతి యొక్కటియే చాలును. తండ్రి సంతకముగాని భర్త సంతకముగాని అక్కఱలేదు. గర్భనిరోధక సాధనము విఫలమైన సందర్భమున “వివాహిత” యనియు “భర్త” యనియు ఉన్న పాతమాటలను 2021 సవరణ తొలగించి “స్త్రీ”, “భాగస్వామి” యని మార్చినది. 2022 సెప్టెంబరు 29న సర్వోన్నత న్యాయస్థానము, ఇరువది నాలుగు వారముల గడువు విషయమున పెండ్లియైనవారికిని కానివారికిని భేదము చూపరాదని తీర్పు చెప్పినది. స్త్రీ పేరును, వివరములను అధికారము లేనివారికి వెల్లడించిన డాక్టరునకు ఏడాది వఱకు జైలుశిక్షయో జరిమానాయో లేక రెండునో విధింపవచ్చునని అదే చట్టము చెప్పుచున్నది.

పదునెనిమిది నిండని పిల్ల విషయమున చిక్కున్నదనుట నిజము; దానిని దాచుట నా పక్షమునకే హాని. ఆమెకు సంరక్షకుల వ్రాతపూర్వకమైన సమ్మతి కావలెను. అయితే చట్టము చెప్పు సంరక్షకుడు తండ్రియే కానక్కఱలేదు. ఆ పిల్ల ఎవరి పోషణలో ఉన్నదో వారు, అమ్మమ్మగాని పిన్నిగాని మేనత్తగాని, ఆ స్థానమున నిలువవచ్చును. 2012 నాటి పోక్సో చట్టము ప్రకారము పదునెనిమిది లోపలివారి సమ్మతికి విలువలేదు గనుక, పెండ్లియైనను కాకున్నను, డాక్టరు పోలీసులకు తెలియజేయవలసియున్నది. ఈ నియమము పిల్లలను రక్షించుటకు పుట్టి, పిల్లలను ఆసుపత్రికి దూరము చేయు భయముగా మాఱినదనుటయు నిజమే. అందువలననే పైన చెప్పిన తీర్పులో సర్వోన్నత న్యాయస్థానము, పిల్లయు సంరక్షకులును కోరినచో డాక్టరు ఆ సమాచారములో ఆమె పేరును గుర్తింపును తెలుపనక్కఱలేదని స్పష్టపఱచినది. ఈ యొక్క వాక్యము తెలిసియుండినచో ఎందఱు పిల్లలు నాటువైద్యుని తలుపు తట్టక ఆసుపత్రికి పోయియుందురో ఊహింపుడు. భయమే కాపలా యన్న పెద్దలు ఈ వాక్యమును ఏ బడి గోడపై వ్రాయించిరి?

ఖండించి ఊరకుండుట అర్ధవిద్య. మౌనము స్థానమున ఏమి చెప్పవలెనో చెప్పనిచో నా వాదమును శూన్యవాదమే యగును. కావున అట్టి సందేహములో ఉన్న పిల్లతో నేరుగా మాటాడుదును.

అమ్మాయీ, నెల తప్పినంతమాత్రమున గర్భమే యని నిశ్చయించుకొనకుము. పరీక్షల ఒత్తిడి, నిద్రలేమి, ఒక్కసారిగా బరువు తగ్గుట, థైరాయిడ్, అండాశయములలో నీటి తిత్తులు, ఇవన్నియు నెలసరిని ఆలస్యము చేయగలవు; నీ దిగులే ఇంకను ఆలస్యము చేయవచ్చును. అట్లని ఊహలతో దినములు గడుపకుము. కలయిక జరిగి మూడు దినములు, అనగా 72 గంటలు, దాటనిచో అత్యవసర గర్భనిరోధక మాత్ర మందుల దుకాణమున చీటి లేకయే దొరకును. ఎంత త్వరగా వేసికొన్న అంత ఫలము. నిలిచిన గర్భమును అది తీయజాలదు గనుక నెల తప్పిన పిమ్మట దానిని మ్రింగుట వ్యర్థము.

నెల తప్పిన మరుదినము పరీక్ష చేసికొనవచ్చును. నెలసరి క్రమముగా రానిదానవైనచో కలయిక జరిగిన ఇరువది యొక్క దినములకు చేసికొనుము. పరీక్ష కిట్టు మందుల దుకాణములో దొరకును. ఆశా కార్యకర్త వద్ద ఉచితముగా దొరకును. ఉదయము మొదటి మూత్రమును శుభ్రమైన చిన్న గిన్నెలో పట్టి, కిట్టుతో వచ్చిన గొట్టముతో రెండు మూడు చుక్కలు గుండ్రని గుంటలో వేసి, అయిదు నిమిషములు ఆగుము. ‘సీ’ యను అక్షరము కడ ఒక్క గీతయే కనబడినచో గర్భము లేదని సూచన. ‘టీ’ కడ గూడ గీత కనబడినచో, అది ఎంత పలుచనిదైనను, గర్భమున్నదని గ్రహింపుము. ‘సీ’ కడ గీతయే రానిచో ఆ కిట్టు చెడినది, వేఱొకటి తీసికొనుము. చాలసేపు విడిచి తరువాత చూచిన గీతను నమ్మకుము. లేదని వచ్చియు నెలసరి రానిచో వారము దినములకు మఱల పరీక్షించుకొనుము. తుది బహిష్టు వచ్చిన తేదీని కాగితముపై వ్రాసియుంచుకొనుము. డాక్టరు మొదట అడుగునది అదియే.

ఉన్నదని తేలినచో మొదట చేయవలసినది ఒక్క పెద్దమనిషికి చెప్పుట. తల్లికి చెప్పగలిగిన చాల మంచిది; ఆమె తొలికోపమును చూచి బెదరకుము, తల్లుల కోపమునకు వెనుక తల్లులే ఉందురు. చెప్పలేనిచో అక్కకో, పిన్నికో, నమ్మదగిన ఉపాధ్యాయురాలికో చెప్పుము. ఎవ్వరును లేరని తోచినచో పదునెనిమిది లోపలివారికి 1098, స్త్రీలకు 181, మనస్సు చీకటియై చావు తలపు వచ్చునప్పుడు 14416 సంఖ్యకు పగలైనను రాత్రియైనను ఫోను చేయవచ్చును. ఎవ్వరైనను నిన్ను బలవంతము చేసియుండినచో తప్పు నీది కాదు. ఏ ఆసుపత్రియైనను నీకు ఉచితముగా చికిత్స చేయవలెను. గర్భమును నిలుపుకొనుటా, తీయించుకొనుటా అనునది నీ బ్రదుకునకు సంబంధించిన నిర్ణయము. కాలము మించకుండ, తెలిసినవారితో ఆలోచించి, ఆ నిర్ణయమును నీవే చేసికొనుము. నిలుపుకొన్నచో మొదటి మూడు నెలలలోనే ప్రాథమిక ఆరోగ్య కేంద్రమున పేరు నమోదు చేయించుకొని, ఫోలిక్ ఆసిడ్ మాత్రలు మొదలుపెట్టి, రక్తమును రక్తపు పోటును చూపించుకొనుచుండుము. బిడ్డను పెంచజాలనిచో చెత్తకుప్ప గతి కాదు. బాలల సంక్షేమ సంఘము యెదుట చట్టబద్ధముగా అప్పగింపవచ్చును, పునరాలోచనకు రెండు నెలల గడువు గూడ ఇత్తురు.

ఒక్క సంగతి మాత్రము ఆలోచనకు విడువదగినది కాదు. పొత్తికడుపులో ఒక ప్రక్క పోటు, భుజము కొనయందు నొప్పి, కండ్లు తిరిగి పడుట, జ్వరము, దుర్వాసనతో స్రావము, గంటకు రెండేసి ప్యాడ్లు తడిసిపోవుచు రెండు గంటలు రక్తము ఆగకుండుట, వీనిలో ఏది కనబడినను ఆ క్షణముననే ఆసుపత్రికి పొమ్ము. ఏ మందు, ఎన్ని మాత్రలు, ఎప్పుడు మ్రింగితివో డాక్టరునకు దాచక చెప్పుము. పరువు మఱునాడు చూచుకొనవచ్చును.

అబ్బాయీ, ఈ వ్యాసము నీకును వ్రాసినదే. మన సంఘము ఈ విషయమున నిన్ను అసలే పిలువకుండుట నీకు చేసిన మేలు కాదు. ఆమె ఫోనునకు పలుకకుండుట, దుకాణములో మాత్రలు కొని చేతిలో పెట్టి చేతులు దులిపికొనుట మగతనము కాదు. ఆమె కోరినచో ఆసుపత్రి వఱకు వెంట నడువుము, ఆమె తీసికొను నిర్ణయమునకు అడ్డుపడకుము, ఖర్చును మోయుము, సంగతిని స్నేహితుల గుంపులో పాఱవేయకుము.

తుదకు సంస్కృతి యను కవచము మిగిలినది. అన్ని అంగములును ఓడిన పిమ్మట ప్రతివాదులు దానిచాటున నిలుతురు. కాని మన దేశపు సంస్కృతి ఒక్క మౌనమే యని ఎవరు చెప్పిరి? 1863లో పుణ్యపత్తనమున జోతిరావు ఫూలే, సావిత్రీబాయి దంపతులు గర్భవతులైన వితంతువులకు తమ గృహమునందే శరణాలయము తెఱచి, రహస్యముగా ప్రసవించి బిడ్డను ఉంచుకొనుటయో విడిచిపోవుటయో మీ ఇష్టమని చాటిరి. అట్లు వచ్చిన ఒక వితంతువు కుమారుని వారే దత్తత తీసికొని యశ్వంతుడని పేరుపెట్టి పెంచగా, అతడు వైద్యుడయ్యెను. 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరమున కందుకూరి వీరేశలింగము పంతులుగారు తొలి వితంతు వివాహము జరిపించినపుడును ఊరి పెద్దలు ఇదే సంస్కృతి పేరు చెప్పి వెలివేసిరి. నేడు వెలివేసినవారి పేర్లు ఎవ్వరికిని గుర్తులేవు. ఆపదలో ఉన్న ఆడుదానికి తలుపు తెఱచుటయు మన సంప్రదాయమే. ఆ తలుపు తెఱచినవారి బొమ్మలకే నేడు మనము పూలమాలలు వేయుచున్నాము.

కావున రుజువు చూపవలసిన బాధ్యత ఇంతకాలము మాటాడగోరినవారి నెత్తిన ఉండుట అన్యాయము. చెప్పినందువలన చెడిన పిల్లను చూపుమని నేను అడుగుచున్నాను. చెప్పనందువలన చెడినవారిని ఏ జిల్లా ఆసుపత్రి ప్రసూతి విభాగములోనైనను చూపవచ్చును. రుజువు దొరకనంతవఱకు, పైన చెప్పిన ఉపదేశమును ఒక్క పుటగా అచ్చువేయించి ప్రతి జూనియర్ కళాశాలలోను, ప్రతి బాలికల హాస్టలులోను, ప్రతి గ్రామ సచివాలయములోను అందఱు చదువగల యెత్తున అంటింపుడు. అబ్బాయిల హాస్టళ్ళను మఱువకుడు. సిగ్గుపడువారు చదువక వదలివేయుదురు. అవసరపడిన పిల్ల చదివి, ఆ వారమే డాక్టరును చూచును.